పాఠం కోసం లేపిన రాయి

మా అమ్మాయి సరళకి టీచర్ ఉద్యోగం వచ్చి ఊటవాగు గుంపు అనే చిన్న ఊరి బడికి వేస్తే, అక్కడి పిల్లలతో ఆమె మొదట చేయించిన పని మోరీ కట్టడం. పాఠం పేరు సింధు నాగరికత. నేను ఏడో తరగతితో ఆపేసినవాణ్ణి. ఆ పాఠం నాకూ ఉండే ఉంటుంది కానీ ఒక్క ముక్క గుర్తులేదు. ఈ పిల్లలు మాత్రం మరిచిపోదామన్నా మరిచిపోలేరు. వాగు ఒండ్రు తెచ్చి, సబ్బుపెట్టెల్లో అచ్చుపోసి, ఎండబెట్టి, కాల్చి, చిన్న చిన్న ఇటుకలు చేశారు. వాటితో బోరింగు దగ్గర్నుంచి కంచె దాకా మోరీ కట్టి, పైన పలకరాళ్లు కప్పారు. అంతకుముందు అక్కడ కాలు పెడితే చెప్పు బురదలోనే ఉండిపోయేది.

బడిలో మధ్యాహ్నం వంట రామక్కది. గిన్నెలు కడిగిన నీళ్లు మోరీలోంచి గలగలా పోతుంటే నడుం మీద చేయి పెట్టుకుని చూసింది.

"ఎన్నేండ్ల కిందటిది పంతులమ్మా ఈ మోరీ?"

"నాలుగు వేల ఏండ్ల కింద గిట్లనే కట్టుకున్నరంట రామక్కా."

"గప్పుడే కట్టిన్రా? మన పంచాయతీకి ఇంకా ఖబరు అందలే."

నేను ఆటోలో కూర్చుని నవ్వుకున్నాను. పొద్దున సరళని దింపడం, సాయంత్రం ఎక్కించుకుని రావడం నా పని. మధ్యలో కిరాయి దొరికితే పోతాను, లేకపోతే బడి దగ్గరే చెట్టు నీడన ఫోను చూసుకుంటూ ఉంటాను. తండా వాట్సాప్ గ్రూపు నడిపేది నేనే. ఎక్కువ మాట్లాడతానని మావాళ్ల ఫిర్యాదు.

మాది సోమ్లా తండా, లంబాడీలం. ఊటవాగు గుంపు కోయవాళ్లది. రెంటికీ మధ్య ఒక వాగు, కొంత అడవి, కొన్ని పాత భూమి పంచాయితీలు. వాళ్ల పెళ్లికి మేము పోతాం, మా పెళ్లికి వాళ్లు వస్తారు. చావులకి మాత్రం ఎవరి దారి వాళ్లదే. అలా ఎప్పట్నుంచి వచ్చిందో నాకు తెలియదు.

ఇదంతా పోయినేడు పత్తి ఏరే కాలంలో జరిగింది. పత్తి విచ్చుకుంటే ఆ బడి ఏటా ఖాళీ అవుతుంది. పిల్లలందరూ ఒడి కట్టుకుని చేలల్లో ఉంటారు. ఈసారి కూడా ఖాళీ అయితే బడికి తాళం వేసి, పెద్దవాగు అవతలి బడిలో కలిపేస్తామని పై ఆఫీసు నుంచి చెప్పారు. వానాకాలం పెద్దవాగు దాటడం పెద్దవాళ్లకే గండం, పిల్లల మాట చెప్పాలా. అందుకే సరళ ఈ ఇటుకలు, మోరీలు, మట్టి ముద్రలు మొదలుపెట్టింది. పుట్టమన్ను తడిపి నేలకొండపల్లి బౌద్ధ స్తూపం కూడా కట్టించింది. పిల్లలు తెల్లారకముందే లేచి చేలో ఓ సాలు ఏరి, బడి టైముకి పరుగెత్తుకు వచ్చేవాళ్లు. పత్తికాలంలో ఆ బడి నిండుగా ఉండటం గుంపులో ఎవరూ ఎరగరు.

రామక్క సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. ఆమెకి ఒక్కడే కొడుకు, గోపాలు. నిలువెత్తు మనిషి. గోదారికి పెద్ద వరద వచ్చిన ఏడు, నీళ్లలో చిక్కిన వాళ్లని తేవడానికి పడవ వేసుకుని పోయాడు. రెండు మార్లు తెచ్చాడు. మూడోసారి పడవ ఒక్కటే దొరికింది. మనిషి దొరకలేదు. "ఎటో ఒడ్డెక్కి ఉంటడు, కుంట ఊరి దిక్కు పోయి ఉంటడు," అంటుంది రామక్క. ఎవరైనా "పోయిండు" అంటే లేచి వెళ్లిపోతుంది. నెల నెలా నన్ను పిలిచి గోపాలు నంబరుకి రీచార్జి వేయించేది. "ఫోన్ జేసినప్పుడు కట్ గావద్దు గద అన్నా," అనేది. నేను వేసేవాణ్ణి. నోరు ఎక్కువున్న మనిషినే కానీ అక్కడ మాత్రం నాకు మాట వచ్చేది కాదు.

పెద్ద రాళ్ల పాఠం కార్తీకంలో వచ్చింది. మా అడవి లోపలికి పోతే బండలతో కట్టిన పాత సమాధులున్నాయి. రాకాసి గుళ్లంటారు. చిన్నప్పుడు మా తాత నన్ను అటు పోనిచ్చేవాడు కాదు. సరళ పిల్లల్ని అక్కడికే తీసుకుపోయి చూపించింది. కట్టింది రాకాసులు కాదు, మనుషులే, ఇనుము కొత్తగా చేతికొచ్చిన కాలం వాళ్లు అని చెప్పింది. మర్నాడు బడిలో అడిగింది.

"క్రేన్ లేదు, జేసీబీ లేదు. గంత పెద్ద రాయి ఎట్ల లేపి ఉంటరు?"

శారద చేయెత్తింది. ఐదో తరగతి పిల్ల. గుంపు పెద్ద దూలయ్యకి మనవరాలు.

"లేపుడు మాకెరికే టీచర్. మా తాత లేపుతడు. చేసి చూపియ్యాల్నా?"

గుంపు చివర టేకుచెట్ల కింద రాళ్లు వరుసగా నిలబడి ఉంటాయి. పోయినవాళ్లకి ఒక్కొక్కరికి ఒక్కో రాయి. ఆ మాత్రం మాకూ తెలుసు. వాటికి ఏమేం చేస్తారో మాత్రం తెలియదు. చెప్పాను కదా, చావులకి పోము. వేల ఏళ్ల కిందటి పని ఈ పిల్లల ఇళ్లలో ఇంకా బతికి ఉందని సరళకి మొహమంతా వెలుగు వచ్చింది.

"చూపియ్యండి. మీ తాత ఎట్ల చేస్తడో అచ్చం అట్లనే చెయ్యాలె. ఏదీ ఇడిచిపెట్టొద్దు," అంది.

రోడ్డు పక్క కల్వర్టు పనిలో మిగిలిన పొడుగాటి బండ ఒకటి పడి ఉంది. పిల్లలు దాని కింద టేకు దుంగలు దొర్లించారు. నా ఆటో తాడు కట్టి లాగారు. వెనక దుంగ తీసి ముందు పెట్టడం, మళ్లీ లాగడం. గొయ్యి వాళ్లే తవ్వారు. నేను ఓ చెయ్యి వేయబోతే బాలకృష్ణ అనే పిల్లవాడు, "నువ్వు ముట్టొద్దు మామా, గుంపోళ్లే లేపాలె," అన్నాడు. సరే అని ఫోన్ తీసి వీడియో పట్టుకున్నాను.

"ఎందుకు లేపుతరు శారదా?" సరళ అడిగింది.

"పోయినోళ్లు యాడున్నరో తెల్వాలె గద టీచర్. లేకుంటే మనం ఎతుక్కుంటనే ఉంటం."

వంటగది గడప మీద రామక్క బియ్యం చెరుగుతోంది. చాట ఆగింది. కాసేపటికి మళ్లీ మొదలైంది.

రాయి లేచి నిలబడింది. శారద తన చున్నీ తీసి దానికి కట్టింది. పసుపు పూశారు, నీళ్లు పోశారు, బియ్యం చల్లారు. ఆడపిల్లలు ఒకరి నడుం ఒకరు పట్టుకుని వరుసగా చుట్టూ తిరుగుతూ వాళ్ల కోయ భాషలో పాట ఎత్తుకున్నారు. బాలకృష్ణ ఇంటి నుంచి తెచ్చిన డోలు కొట్టాడు. ఒకటే దరువు, నిదానంగా, అడుగు తీసి అడుగు వేసినట్టు. రామక్క చాట అక్కడే వదిలి లోపలికి పోయి తలుపు దగ్గరికి వేసుకుంది.

అంతలో చేల వైపు నుంచి మనుషులు పరుగెత్తుకు వస్తున్నారు. ఒళ్లో పత్తి ఒళ్లోనే ఉంది. పాట చూడటానికి వస్తున్నారనుకున్నాను. ఫోన్ అటు తిప్పాను కూడా.

అందరికన్నా ముందు దూలయ్య. రొప్పుతున్నాడు.

"ఎవలు పోయిన్రు?"

"ఎవరూ పోలే తాతా," సరళ నవ్వుతూ ఎదురెళ్లింది. "పాఠం చెప్పుకుంటున్నం."

దూలయ్య ఆమెని చూడలేదు. రాయిని చూశాడు, చున్నీని చూశాడు, తడి నేలని చూశాడు. ఆ దరువు మనిషి పోతే తప్ప కొట్టరంట. చేలో ఉన్నవాళ్లందరూ ఎవరింట్లో ఏం జరిగిందోనని గుండెలు పట్టుకుని వచ్చారు.

"బియ్యం సల్లిన్రా?"

"సల్లినం తాతా," శారద గర్వంగా చెప్పింది.

"సుట్లు?"

"అన్ని సుట్లూ తిరిగినం. నువ్వు చేసినట్టే చేసినం. ఒక్కటి ఇడవలే."

దూలయ్య నేల మీద కూర్చుండిపోయాడు. "ఒక్కటన్న తప్పు చేస్తే బాగుండు బిడ్డా," అన్నాడు. "అప్పుడు ఆట అనుకుంటుంటిమి."

నాకు పూర్తిగా అర్థం కాలేదు. "గింత దానికేంది మామా, తాడుంది, ఆటో ఉంది. పీకేస్త," అన్నాను.

"మీ తండల సచ్చినోన్ని మళ్ల లేపి కూసోబెడుతరా బలరాం?"

నేను ఫోన్ జేబులో పెట్టుకున్నాను.

"లేపిన రాయిని పండబెట్టుడు ఉండది," అన్నాడు ఆయన, సరళకి అర్థం కావాలని నిదానంగా. "దానికో పేరు గావాలె. మనం ఇయ్యకపోతే అదే ఎతుక్కుంటది. పిల్లలు లేపిన రాయి. పిల్లలల్లనే ఎతుకుతది."

వెనక నుంచి ఎవరో అన్నారు, "లంబాడోళ్ల పిల్లకు మన రాయి సంగతి ఏం ఎరికె."

సరళ తల దించుకుంది. ఎవరి పిల్లల్ని వాళ్లు చేయి పట్టుకుని తీసుకుపోయారు. ఆ రోజు రామక్క వండిన అన్నం అట్లాగే ఉండిపోయింది.

మర్నాడు ఒక్క పిల్లా రాలేదు. ఆ మర్నాడూ అంతే. సరళ మాత్రం రోజూ తాళం తీసి, బోర్డు మీద తేదీ రాసి, కూర్చునేది. రామక్క వచ్చి పొయ్యి ముట్టించకుండా గిన్నెలు తోముకుంటూ కూర్చునేది. ఇద్దరూ ఎదురుగా ఉన్న రాయి వైపు చూసేవాళ్లు కాదు. పై ఆఫీసు నుంచి ఫోన్ వచ్చింది. ఈ వారం చూసి బడి కలిపేస్తామన్నారు.

ఇంట్లో మా ఆవిడ రూప్లి ఊరుకోలేదు. మేము ఇంట్లో లంబాడీలో మాట్లాడుకుంటాం, ఇక్కడ తెలుగులో రాస్తున్నాను.

"నేను గప్పుడే చెప్పిన. ఖమ్మం దిక్కు వేయించుకో అని. అడవిల బడి వద్దు అని. విన్నదా?"

"యాడీ, అన్నం పెడతవా పెట్టవా?" అంది సరళ. యాడీ అంటే అమ్మ.

"పెడితే తింటున్నవా? నిన్నటిది కుక్కకే వేసిన."

"వాళ్లు నా మీద కోపంతోటి పిల్లల్ని తీస్కపోలే. భయంతోటి తీస్కపోయిన్రు. కోపమైతే నేను వచ్చేసేదాన్ని."

రూప్లి పళ్లెం ముందుకి జరిపింది.

ఆ తర్వాత శారదకి జ్వరం వచ్చింది. చలిజ్వరం, పళ్లు కొట్టుకుంటున్నాయి. గుంపంతా ఒక్కసారి బిగుసుకుపోయింది. రాయి ఎతుక్కుందని ఎవరూ పైకి అనలేదు. అనాల్సిన పని లేదు. దూలయ్యే తండాకి కబురు చేశాడు. నేను, సరళ పోయి పిల్లని, దూలయ్యని ఆటోలో ఎక్కించుకుని భద్రాచలం దవాఖానాకి బయల్దేరాం. శారద తల సరళ ఒళ్లో ఉంది.

"తాతా, తొందరగానే తీస్కపోతున్నవ్. నేను మంత్రం పెట్టిస్తవేమో అనుకున్న," అంది సరళ మెల్లగా.

"జొరం డాక్టరు చూసుకుంటడు. గది ఆయన పని. రాయిని ఎవలు చూసుకుంటరు? గది నా పని." దూలయ్య బయటికి చూస్తూ చెప్పాడు.

"నా పేరు పెట్టు తాతా రాయికి. చేయించింది నేనే గద."

"బతికున్నోళ్ల పేరు పెడితే అది బతకనిస్తదా? పిచ్చిపిల్ల. బలరాం, గిట్ల పెంచినవేంది నీ బిడ్డని?"

"నేను యాడ పెంచిన మామా, వాళ్లమ్మ పెంచింది."

ఆయన మొహంలో నవ్వు వచ్చి పోయింది. "మా గుంపుల పోయినోళ్లందరికీ రాళ్లున్నయ్. రాయి లేనోడు అంటే..."

ఆటో గోదారి వంతెన ఎక్కింది. కింద నీళ్లు నెమ్మదిగా ఉన్నాయి, ఇసుక తిన్నెలు తేలి. దూలయ్య ఆ మాట పూర్తి చేయలేదు. అవతలి ఒడ్డుకి చేరాక, "రామక్కను మాత్రం ఎవలూ అడగొద్దు," అన్నాడు. "అడిగి తీసుకునేది కాదు అది."

దవాఖానాలో రక్తం చూసి మలేరియా అన్నారు. పడుకోబెట్టి సెలైన్ ఎక్కించారు. జ్వరం దిగుతుందన్నారు. సరళ అక్కడే ఉండిపోయింది. తెల్లవారి నేను గుంపుకి పోయి చెప్పాను, మలేరియా, దోమ కుట్టి వచ్చింది, రాయి కాదు అని. అందరూ విన్నారు, తల ఊపారు, పిల్లల్ని మాత్రం పంపలేదు.

శారద ఇంటికి వచ్చిన రోజు గుంపు పెద్దమనుషులు బడి దగ్గర కూడారు. రాయి ఉన్న చోట పిల్లలు ఆడొద్దు, అవతలి బడిలో కలిపితే కలపనీ అన్నారు కొందరు. పెద్దవాగులో కొట్టుకుపోతే అప్పుడేమంటారు అన్నారు ఇంకొందరు. గొంతులు పెరిగాయి. సరళ వరండా మెట్టు మీద కూర్చుని ఉంది. నేను ఆమె పక్కన.

రామక్క వంటగదిలోంచి వచ్చింది. కొంగుకి చేతులు తుడుచుకుంటూ దూలయ్యని కోయలో ఏదో అడిగింది.

"ఏమంటున్నది?" అన్నాను.

"ఆ బండ ఎంత ఎత్తుంటదని అడుగుతున్నది బా," అంది సరళ. నాన్నని మేము అట్లాగే పిలుస్తాం.

అందరూ ఆగిపోయారు. రామక్క రాయి దగ్గరికి నడిచింది. దాని ముందు నిలబడి, తల పైకెత్తి, చెయ్యి చాపి, పై కొస మీద అరచేయి పెట్టింది. ఎత్తు కొలుస్తున్నట్టు.

"మావోడు ఇంకొంచెం పొడుగుంటడు," అంది, తెలుగులోనే.

దూలయ్య లేచాడు. "సరిపోతది రామక్కా," అన్నాడు. "సరిపోతది."

ఆమె సరే అన్నట్టు తలాడించి మళ్లీ వంటగదిలోకి పోయింది. లోపల గిన్నె బోర్లించిన చప్పుడు వినిపించింది. అంతే.

రాయికి పేరు పెట్టేది ఆదివారం అన్నారు. నేను ఇంట్లో మామూలుగా చెప్పాను. మేము పోయే ఆచారం లేదు కాబట్టి పోనని కూడా చెప్పాను. ఆదివారం పొద్దున చూస్తే రూప్లి తలస్నానం చేసి, ఆటోలో ఎక్కి కూర్చుని ఉంది.

"యాడికి?"

"గోపాలు రెండో మారు తెచ్చిన పడవల ఎవరున్నరు?"

నేను తాళంచెవి వెతుక్కున్నాను. ఆ పడవలో ఉన్నది రూప్లి చెల్లెలు ద్వాలి, ఆమె పిల్లలు. మాకు తెలియని సంగతి కాదు. ఇన్నాళ్లూ రామక్క ఎదుట ఆ మాట ఎత్తే దారి దొరకలేదు. కృతజ్ఞత చెబితే వాడు పోయాడని చెప్పినట్టే అవుతుంది.

గుంపువాళ్లు ఉన్నంతలో చేశారు. ఈసారి డోలు దూలయ్య కొట్టాడు, అదే దరువు. రామక్క కళ్లు పొడిగా ఉన్నాయి. చెప్పినట్టు బియ్యం చల్లింది, చెప్పినట్టు నీళ్లు పోసింది, ఎవరి పనో చేస్తున్నట్టు. అప్పుడు రూప్లి జనంలోంచి ముందుకి పోయి ఆమె మెడ చుట్టూ చేతులు వేసి, మా తండా ఆడవాళ్లు ఏడ్చే తీరులో రాగం తీసి ఎత్తుకుంది. మావాళ్ల ఏడుపులో పోయినవాళ్ల గురించి అన్నీ చెబుతారు. ఎట్లా నడిచేవాడు, ఎట్లా పిలిచేవాడు, ఎవరికి ఏం చేశాడు. రూప్లి పడవ సంగతి చెప్పింది. ద్వాలి పిల్లల పేర్లు చెప్పింది, ఇప్పుడు వాళ్లు ఎంతెంత అయ్యారో చెప్పింది. రామక్కకి లంబాడీ ఒక్క ముక్క రాదు. "గోపాలు" అన్న ఒక్క మాట మాత్రం మళ్లీ మళ్లీ వినిపించి ఉంటుంది. కాసేపటికి ఇద్దరూ అట్లాగే కింద కూర్చుండిపోయి ఏడ్చారు. గుంపు ఆడవాళ్లు చుట్టూ చేరారు. ఎవరు ఏ భాషలో ఏడుస్తున్నారో తర్వాత నాకు తెలియలేదు.

తిరిగి వస్తుంటే ఆటోలో రూప్లి కొంగుతో మొహం తుడుచుకుని, "ఈ పిల్లకి వాన కాలంల రోజూ వాగు దాటుడు కష్టం. రామక్క ఇంట్ల ఉండొచ్చు, ఒక అర్ర ఖాళీ ఉన్నదంట," అంది. ఖమ్మం మాట ఆ తర్వాత మా ఇంట్లో వినపడలేదు.

సోమవారం పిల్లలు వచ్చారు. ముందు బాలకృష్ణ, వెనక మిగతావాళ్లు, చివర్లో దూలయ్య చేయి పట్టుకుని శారద. పై ఆఫీసు ఆయన కూడా ఆ వారంలోనే వచ్చి తలలు లెక్కపెట్టుకుని పోయాడు. పోతూ రాయిని చూసి, "మోడల్ బాగా చేయించినవమ్మా, ఏ కాలంది?" అని అడిగాడు.

"మోడల్ కాదు సార్, గోపాలు మామది," అన్నాడు బాలకృష్ణ.

సరళ ఇప్పుడూ పాఠాలు అట్లాగే చెబుతుంది. కాకపోతే ఏదైనా మొదలుపెట్టే ముందు దూలయ్య దగ్గరికి పోయి, "తాతా, ఇది ఆటేనా?" అని అడిగి వస్తుంది. మట్టి కుండలకి ఆయన ఒప్పుకున్నాడు. ఒక పాటకి మాత్రం ఒప్పుకోలేదు.

నెలాఖరున అలవాటు చొప్పున ఫోన్ పట్టుకుని వంటగది దగ్గరికి పోయాను. రామక్క పిల్లలకి వడ్డిస్తోంది. నన్ను చూసింది, నా చేతిలో ఫోన్ చూసింది.

"వద్దన్నా," అంది. "ఈ నెల నుంచి వద్దు."

నేను ఫోన్ జేబులో పెట్టుకున్నాను. ఆ నంబరు మాత్రం తీసేయలేదు, ఇప్పటికీ నా ఫోన్లో ఉంది.

పిల్లలందరి పళ్లాలూ నిండాక ఆమె మోదుగాకు విస్తట్లో ఇంత అన్నం, ఇంత పప్పు వేసి, పోయి రాయి ముందు పెట్టింది. "పిల్లలకన్న ముందే పెట్టాల్సింది గద," అన్నాను, ఏదో ఒకటి అనాలి కాబట్టి.

"చిన్నప్పటి సంది అందరికన్న ముందే తిన్నడన్నా," అంది రామక్క, పప్పు గరిటె కడుక్కుంటూ. "ఇప్పుడన్న పిల్లల ఎనక తిననియ్."

గరిటె కడిగిన నీళ్లు మోరీలోంచి పోతున్నాయి.